గుర్రప్పిల్ల కొరుకుడు మాన్పించడం గురించి తమ్ముడి కొడుక్కి రాసిన ఉత్తరం

చిరంజీవికి,

పెదనాన్న ఆశీస్సులు. నీ ఉత్తరం అందింది. తల్లీ పిల్లా ఆరోగ్యంగా ఉన్నాయన్న మాట మొదటే రాసినందుకు సంతోషించాను. మిగతాదంతా పిల్ల కొరుకుడు గురించే ఉంది కాబట్టి నేనూ ఆ సంగతే రాస్తాను. రెండున్నర నెలల మగపిల్ల చొక్కా పట్టి లాగుతోందనీ, దాణా తెచ్చిన మనిషి మీదికి దూసుకొస్తోందనీ, మొన్న మీ చిన్నవాడి భుజం మీద పళ్ళ గుర్తులు పడ్డాయనీ, గుర్రాలను చూసుకునే సైస్ మూతి మీద కొడుతున్నా మానడం లేదనీ రాశావు. ఎద్దుకు కట్టినట్టు దాని మూతికి చిక్కం కట్టమంటావా అని అడిగావు. కట్టవద్దు. అది ఇంకా పాలు తాగే పిల్ల. పగలూ రాత్రీ తరచుగా తల్లి పొదుగు దగ్గరికి వెళ్ళవలసిన వయసు. మూతి మీద కొట్టడం కూడా ఈ రోజే ఆపించు.

అసలు విషయం ముందే చెబుతాను. కొరుకుడును నోటి దగ్గర ఆపలేము. పళ్ళు నీ చొక్కాను అందుకునేసరికే పాఠం చెప్పవలసిన సమయం దాటిపోయి ఉంటుంది. అంతకు ముందే పిల్ల నీ మీదికి రెండడుగులు వేసి ఉంటుంది, నువ్వు ముద్దుగా నవ్వుతూ ఒక అడుగు వెనక్కి వేసి ఉంటావు, దాని భుజం నీ తొడకు తగిలినా ఊరుకుని ఉంటావు. గుర్రాలు ఒకదానితో ఒకటి చెప్పుకునే మాటల్లో ఎక్కువ భాగం ఎవరు జరగాలి, ఎవరు నిలబడాలి అన్న దాని గురించే ఉంటాయి. పిల్ల వస్తుంటే మనిషి జరిగితే, ఈ మనిషి తోసి ఆడుకోదగిన తోటి పిల్ల అని దానికి అర్థమవుతుంది. తోటి పిల్లతో ఆడుకునేటప్పుడు మగపిల్లలు చేసేది మెడ మీదా ముంగాళ్ళ మీదా కొరకడమే. కనుక నువ్వు నేర్పవలసింది దూరం. దూరం నేర్చుకున్న పిల్ల నోటికి నీ చొక్కా అందదు.

దీనికి దురుసుతనం ఉందేమో, పెద్దయితే కరిచే గుర్రమవుతుందేమో అని నువ్వు భయపడనవసరం లేదు. ఈ వయసు పిల్ల లోకాన్ని నోటితోనే పరీక్షిస్తుంది. పుట్టిన వారం రోజులకు నడిమి ముందుపళ్ళు వస్తాయి, ఆరేడు వారాలకు వాటి పక్కవి వస్తాయి, చివరివి ఆరు నెలలు దాటేదాకా రావు. అంటే ఇప్పుడు నీ పిల్లకు పైనా కిందా కలిపి ఎనిమిది ముందుపళ్ళు ఉన్నాయి, చిగుళ్ళు దురద పెడుతూనే ఉన్నాయి. అందుకే పగ్గం నములుతుంది, తలుపు చెక్క గీరుతుంది, తల్లి తోక చప్పరిస్తుంది. తల్లి పేడ తింటోందని ఇదివరకు నువ్వు కంగారుపడ్డావు చూడు, అది కూడా ఈ వయసులో మామూలే. దానివల్ల కడుపులో ఉండవలసిన మంచి సూక్ష్మజీవులు చేరతాయి. ఇవేవీ తప్పులు కావు. మనిషి ఒంటి మీద మాత్రం పళ్ళు ఆనించకూడదన్న ఒక్క హద్దు గీస్తే చాలు.

ఒక చేష్టను మాత్రం కొరుకుడు అనుకుని శిక్షించవద్దు. పెద్ద గుర్రం దగ్గరికి వచ్చినప్పుడు, ఒక్కొక్కసారి కొత్త మనిషి ఎదురైనప్పుడు కూడా, పిల్ల మెడ ముందుకు చాచి, తల కొంచెం దించి, పెదవులు వెనక్కి లాగి, దవడలు ఆడిస్తూ టపటపమని చప్పుడు చేస్తుంది. చూసేవాళ్ళకు కరవబోతున్నట్టే ఉంటుంది. నిజానికి ‘నేను చిన్నదాన్ని, నన్ను ఏమీ అనవద్దు’ అని చెప్పుకోవడం అది. ఆ దవడలు దేన్నీ పట్టుకోవు. పిల్ల పెరుగుతున్నకొద్దీ ఆ అలవాటు దానంతట అదే తగ్గిపోతుంది. అలా చేసినప్పుడు కదలకుండా నిలబడు, చాలు.

ఇప్పుడు మూతి మీద కొట్టడం గురించి. మీ సైస్‌ది చెడ్డ ఉద్దేశం కాదు, చాలా చోట్ల అలాగే చేస్తారు. కానీ ఏమి జరుగుతోందో ఒకసారి దగ్గర నిలబడి గమనించు. పిల్ల మూతి చాస్తుంది, చెయ్యి లేస్తుంది, పిల్ల తల వెనక్కి తీసుకుంటుంది, మళ్ళీ చాస్తుంది. రెండు మగపిల్లలు ఎదురెదురుగా నిలబడి ఒకదాని మూతిని ఒకటి అందుకునే ఆట సరిగ్గా ఇలాగే ఉంటుంది. సైస్ శిక్షిస్తున్నాననుకుంటున్నాడు, పిల్ల ఆడుతున్నాననుకుంటోంది. దెబ్బ గట్టిగా పడితే ఇంకొక నష్టం ఉంది: మనిషి చెయ్యి పైకి లేస్తే చాలు తల ఎగరేసే అలవాటు పడుతుంది. ఆ తరువాత హాల్టర్, అంటే పట్టుకుని నడిపించడానికి తలకు వేసే పట్టీ, తొడగడం కష్టం, కళ్ళెం పెట్టడం కష్టం, కంట్లో మందు వెయ్యడం కష్టం, పళ్ళు చూపించడం మరీ కష్టం. ఇంకా కొన్ని పిల్లలు తెలివిగా పట్టి లాగి, దెబ్బ తగిలేలోపు తప్పుకోవడం నేర్చుకుంటాయి. పెద్దయ్యాక చటుక్కున కరిచి వెనక్కి దూకే గుర్రాలలో చాలావాటి చిన్నతనం ఇలాగే గడిచి ఉంటుందని నా నమ్మకం.

మరి తల్లి ఏం చేస్తుంది? నువ్వు రోజూ ఉదయం ఒక అరగంట కంచె పక్కన కుర్చీ వేసుకుని ఈ ఒక్క విషయమే చూడమని కోరుతున్నాను. పిల్ల పాలు తాగుతూ పళ్ళు గట్టిగా ఆనిస్తే తల్లి ముందు చెవులు వెనక్కి మడుస్తుంది. పిల్ల పట్టించుకోకపోతే తోక విసురుతుంది, వెనక కాలు కొంచెం లేపుతుంది. అప్పటికీ మానకపోతే తల తిప్పి తుంటి మీద ఒకసారి పళ్ళతో గిల్లుతుంది, లేదా ఒక్క కీచు అరుపుతో మీదికి జరుగుతుంది. పిల్ల రెండడుగులు పక్కకు తప్పుకుంటుంది. తల్లి వెంటనే గడ్డి మేస్తూ ఉంటుంది. కోపం మిగుల్చుకోదు, వెంటపడి తరమదు, అరనిమిషం తరువాత అదే పిల్లను మళ్ళీ పాలకు రానిస్తుంది. ముందు చిన్న హెచ్చరిక, తరువాత కొంచెం పెద్దది, అవసరమైతే ఒక్కసారి ఖచ్చితంగా, ఆ వెంటనే మామూలు. మనిషి నేర్చుకోవలసిన పద్ధతి మొత్తం అందులోనే ఉంది.

ఇక నువ్వు చేయవలసిన పని. పిల్ల నీ దగ్గరికి వచ్చినప్పుడు ఎదురుగా నిలబడవద్దు. మూతికి ఎదురుగా నిలబడడమంటే ఆటకు పిలవడమే. దాని భుజం పక్కన, చెయ్యి చాపితే మూపు అందేటంత దూరంలో నిలబడు. అది నీ మీదికి ఒరిగితే నువ్వు కదలవద్దు. రెండు వేళ్ళు దాని రొమ్ము మీద, మెడ వచ్చి భుజాన్ని కలిసే చోట ఉండే గుంటలో ఆనించి, ‘వెనక్కి’ అని నెమ్మదిగా ఒకసారి అను. నొక్కకు, ఆనించి ఉంచు చాలు. పిల్ల మొదట ఆ వేళ్ళ మీదికే ఒరుగుతుంది, ఎందుకంటే ఒత్తిడి తగిలిన వైపుకే తొయ్యడం దాని స్వభావం. వేళ్ళు అలాగే ఉంచి, కొంచెం కొంచెంగా బలం పెంచు. ఏదో ఒక క్షణంలో దాని బరువు వెనక కాళ్ళ మీదికి మారుతుంది. అడుగు పడనవసరం లేదు, బరువు మారినా చాలు, ఆ క్షణంలోనే వేళ్ళు తీసెయ్యి. పాఠం చెప్పేది నొక్కడం కాదు, తియ్యడం. తియ్యడం ఆలస్యమైతే ఎందుకు తీశావో పిల్లకు తెలియదు. ఇలా కొన్ని రోజులు చేస్తే వేళ్ళు రొమ్ము దగ్గరికి రాగానే ఒక అడుగు వెనక్కి వేస్తుంది, ఆ తరువాత ‘వెనక్కి’ అన్న మాటకే వేస్తుంది.

అదే తీరుగా పక్కకు జరగడం నేర్పు. డొక్క వెనక, తుంటి కింద రెండు వేళ్ళు ఆనించి, వెనక కాలు పక్కకు పడగానే తియ్యి. ఎడమ వైపు ఎంత చేశావో కుడి వైపు కూడా అంత చెయ్యి. మనకు ఎడమ వైపు నిలబడడం అలవాటు కాబట్టి కుడి వైపు మరిచిపోతాము, ఆ వైపు గుర్రం కొత్త గుర్రంలా ఉండిపోతుంది. ఒక్కొక్క పూట అయిదు నిమిషాలు, మహా అయితే పది. పిల్ల మనసు అంతకంటే ఎక్కువసేపు నిలవదు, విసుగు పుట్టిన పిల్ల నోటితోనే ఆ విసుగు చూపిస్తుంది. తల్లి కంటికి కనిపించే చోటనే ఇదంతా జరగాలి.

కొరకబోయే ముందు పిల్ల తప్పకుండా చెబుతుంది, చూసే కన్ను ఉండాలి. ముందుగా కదులుతున్న చెవులు ఒక్కసారి నిలిచిపోతాయి. కన్ను నీ మోచెయ్యి మీదో, చొక్కా గుండీ మీదో ఆగుతుంది. పై పెదవి కొంచెం ముందుకు సాగి, బిగుసుకుని, చివర సన్నగా వణుకుతుంది. గడ్డం కింద చర్మం ముడతలు పడుతుంది. మెత్తగా వాసన చూసే మూతిలో ఈ బిగువు ఉండదు, ముక్కుపుటాలు తెరుచుకుని ఊపిరి వెచ్చగా తగులుతుంది. బిగువు కనిపించిన క్షణంలోనే పని చెప్పు: ‘వెనక్కి’ అని ఒక అడుగు వేయించు, లేదా తుంటి జరిపించు. నోటితో ఏదో చేద్దామనుకున్న పిల్లకు కాళ్ళతో చేసే పని దొరికితే ఆ ఆలోచన అక్కడే ఆగిపోతుంది. రోజుకు ఇన్నిసార్లా అని విసుక్కోకు. మొదటి పది పదిహేను రోజులే ఎక్కువ.

ఇంత జాగ్రత్తగా ఉన్నా ఎప్పుడో ఒకసారి పళ్ళు తగులుతాయి. అప్పుడు తల్లిలా చెయ్యి. ఆ క్షణంలోనే, రెండు లెక్కపెట్టేలోపు, గట్టిగా ‘ఊఁ!’ అని ఒక్క శబ్దం చేసి, ఒళ్ళు పెద్దది చేసుకుని, దాని రొమ్ము వైపు రెండడుగులు వెయ్యి. అది నాలుగడుగులు వెనక్కి పోవాలి. పోగానే ఆగిపో, భుజాలు దించు, ఊపిరి వదిలి మామూలుగా నిలబడు. తల జోలికి, మూతి జోలికి వెళ్ళవద్దు. వెంట తరమవద్దు. అయిదు సెకన్లు దాటిపోయిందా, ఇక ఏమీ చేయకు, ఎందుకంటే అప్పుడు చేసిన శిక్ష అది కొరికినందుకు కాక నిలబడినందుకు చేసినట్టవుతుంది. నిమిషం తరువాత దగ్గరికి వెళ్ళి మూపు గీకి, అది బుద్ధిగా నిలబడితే వదిలి వచ్చేయి. పని ఎప్పుడూ మంచిగా ముగియాలి.

గీకడం గురించి కొంచెం ఎక్కువ రాయాలి, ఎందుకంటే మన ప్రేమే చాలాసార్లు కొరుకుడుకు దారి చూపుతుంది. గుర్రాలు ఎదురెదురు వైపులకు తిరిగి నిలబడి ఒకదాని మూపును ఒకటి పళ్ళతో గీరుకుంటాయి; అది స్నేహం. నువ్వు మూపు దగ్గర, జూలు మొదట్లో వేళ్ళతో గీకితే పిల్ల కళ్ళు సగం మూసి, పై పెదవి సాగదీసి ఆడిస్తుంది, ఆ వెంటనే తల తిప్పి నీ వీపునో భుజాన్నో పళ్ళతో గీరబోతుంది. అది నీకు ఉపకారం చేద్దామనే చేస్తోంది. నీ చర్మం గుర్రం చర్మం కాదన్న సంగతి దానికి తెలియదు. మీ చిన్నవాడి భుజం మీద గుర్తులు పడింది బహుశా ఇలాగే అయి ఉంటుంది. వాడు పిల్ల మెడ కౌగిలించుకుని గీకుతాడని నువ్వే రాశావు. దీనికి శిక్ష వెయ్యవద్దు. తల నీ వైపు తిరగగానే గీకడం ఆపి, వేలి కణుపులతో దాని చెంపను ముందుకు తిప్పు. తల నేరుగా పెట్టగానే మళ్ళీ గీకు. తల నేరుగా ఉంటే సుఖం, తిరిగితే సుఖం ఆగిపోతుంది. ఇది ఏ పిల్లకైనా త్వరగా అర్థమవుతుంది.

చేతితో తినిపించడం పూర్తిగా మానెయ్యండి. బెల్లం ముక్క, క్యారెట్టు, ఉడికించిన ఉలవలు, ఏదైనా సరే తొట్టిలో వెయ్యాలి, అరచేతిలో కాదు. అరచేతిలో తిన్న పిల్ల ప్రతి చేతినీ వెతుకుతుంది, చెయ్యి ఖాళీగా ఉంటే వేళ్ళనే పరీక్షిస్తుంది. శిక్షణలో మెరుగైన పనివాళ్ళు చేతితో తిండి ఇచ్చి చక్కగా నేర్పగలరు, అది అబద్ధం కాదు. కానీ మీ తోటకు ఆదివారం వచ్చే చుట్టాలందరికీ ఆ క్రమశిక్షణ ఉండదు. దాణా తెచ్చిన మనిషి మీదికి దూసుకురావడానికి కూడా ఇదే మందు. బక్కెట్టుతో లోపలికి వెళ్ళి, పిల్ల ముందుకు వస్తే ‘వెనక్కి’ అని ఆపి, అది రెండు మూడు అడుగుల దూరంలో నిలబడితేనే తొట్టిలో పొయ్యమని సైస్‌కు చెప్పు. మొదటి రోజు ఆలస్యమవుతుంది. తల్లి దాణాకు ఆత్రపడే గుర్రమైతే ముందు తల్లికే ఇది నేర్పాలి, ఎందుకంటే పిల్ల తొట్టి దగ్గర ఎలా ఉండాలో చూసి నేర్చుకునేది తల్లినే.

తల్లి గురించి ఇంకొక మాట. 2005లో ఫ్రాన్సులోని రెన్ నగరపు పరిశోధకులు ఒక అధ్యయనం ప్రచురించారు. నలభై ఒక్క గుర్రప్పిల్లల్లో సగం వాటి తల్లులను, పిల్ల పుట్టిన మొదటి అయిదు రోజులు, మొత్తం గంటంబావు సేపు మెత్తగా బ్రష్ చేశారు. పిల్లలను ముట్టుకోలేదు. ఆ పిల్లలు మనిషికి భయపడకుండా దగ్గరికి వచ్చాయి, ఏడాది వయసులో కూడా ఆ తేడా కనిపించింది. నేను హిస్సార్‌లో సైన్యపు గుర్రాల పెంపకంలో పనిచేసిన రోజుల్లో పెద్దవాళ్ళు చెప్పిన మాటా అదే: పిల్లను మచ్చిక చేసుకోవాలంటే ముందు తల్లి దగ్గర కూర్చోవాలి. మహారాష్ట్రలోని సారంగఖేడా గుర్రాల సంతలో నువ్వు కొన్న ఆ మార్వాడీ గుర్రం సాధువైనది కావడం నీ అదృష్టం. రోజూ పిల్ల చూస్తుండగా దానికి మాలిష్ చెయ్యి, నిలబెట్టి కాళ్ళు ఎత్తించు, వెనక్కి నడిపించు.

అయితే ఒక లోటు నీ దగ్గర ఉంది, దాన్ని తీర్చడం నీ చేతిలో పని. నీ దగ్గర ఉన్నవి ఒక తల్లీ ఒక పిల్లా మాత్రమే. తోటి పిల్లలు లేని మగపిల్లకు ఆడుకోవడానికి మనిషి తప్ప దిక్కు లేదు. మందలో పెరిగిన పిల్లలు నోరు ఎంత గట్టిగా వాడితే ఎదుటిది ఊరుకోదో అక్కడే నేర్చుకుని వస్తాయి. పుట్టగానే తల్లి చనిపోయి, సీసా పాలతో మనుషుల చేతుల్లో పెరిగిన పిల్లలు పెద్దయ్యాక ఎంత ప్రమాదకరంగా తయారవుతాయో చాలా చూశాను. మనిషికీ గుర్రానికీ మధ్య గీత ఎక్కడుందో వాటికి ఎవరూ చూపించరు. చేవెళ్ళ, మొయినాబాద్ వైపు గుర్రాలు పెంచేవాళ్ళు చాలామంది ఉన్నారు. ఇదే వయసు పిల్ల ఉన్నవాళ్ళతో మాట్లాడి రెండింటినీ తల్లులతో సహా ఒక చోట వదిలే ఏర్పాటు చెయ్యి. అది కుదరకపోతే విత్తులు తీయించిన, శాంత స్వభావమున్న ఒక ముసలి గుర్రాన్ని కొని తెచ్చుకో. కొత్త గుర్రాన్ని ముందు కొన్ని రోజులు కంచెకు అవతలే ఉంచి, తల్లి ఒప్పుకున్నాకే కలుపు. కలిపే ముందు రక్త పరీక్ష చేయించి, గుర్రాల నుంచి మనుషులకు కూడా అంటుకునే గ్లాండర్స్ రోగం లేదని పశువైద్యుడు చెప్పాలి, ఈ విషయంలో మొహమాటపడకు.

హాల్టర్ విషయం. పిల్ల కొలతకు సరిపోయే మెత్తటి హాల్టర్ వాడు, పని అయిపోగానే తీసెయ్యి. వదిలేస్తే గిట్ట ఇరుక్కుని మెడ విరిగే ప్రమాదం ఉంది, పిల్ల పెరుగుతుంటే పట్టీ చర్మంలోకి దిగుతుంది. ఈ వయసులో దేనికీ కట్టెయ్యవద్దు. ముందు నుంచి లాగవద్దు. లాగితే పిల్ల ఎదురు లాగి, పైకి లేచి, వెల్లకిలా పడుతుంది, నడినెత్తి నేలకు తగిలితే ప్రాణానికే ముప్పు. మెత్తటి పగ్గం ఒకటి పిర్రల చుట్టూ వేసి, ఆ రెండు కొసలూ మూపు మీద పట్టుకుని, తల్లి ముందు నడుస్తుంటే వెనక నుంచి కొంచెం కొంచెం ఒత్తిడి ఇస్తూ నడిపించు. అడుగు పడగానే వదులు చెయ్యి. పగ్గం నోట్లో పెట్టుకుంటే నోటి నుంచి లాక్కోకు, లాక్కుంటే అదొక ఆటవుతుంది. నడక కొంచెం వేగం చేస్తే దానంతట అదే వదిలేస్తుంది.

కాళ్ళు ఎత్తడం కూడా మొదలుపెట్టు. భుజం నుంచి కిందికి చెయ్యి జార్చుకుంటూ వెళ్ళి, ఒక్క క్షణం గిట్ట ఎత్తి, అది లాక్కోకముందే నువ్వే దించు. నాడాలు కొట్టే మనిషి మొదటిసారి గిట్టలు చెక్కడానికి వచ్చేసరికి ఇది అలవాటై ఉంటే, ఆయన వంగినప్పుడు వీపు మీద పళ్ళు పడవు.

మీ సైస్, మీ ఆవిడ, పిల్లలు, తోటమాలి, వచ్చిపోయే చుట్టాలు, అందరూ ఒకే తీరుగా ఉండాలన్నది నేను అన్నిటికంటే గట్టిగా అడిగేది. నువ్వు తొమ్మిదిసార్లు వెనక్కి పంపి, పదోసారి మీ బావమరిది దానితో మూతి ఆట ఆడితే, పిల్ల ఆ పదోసారినే గుర్తుపెట్టుకుంటుంది. ముంగాళ్ళు ఎత్తి భుజాల మీద వేస్తే ఫోనులో వీడియో తీసి నవ్వుకునే అలవాటు మీ ఇంట్లో ఉన్నట్టు ఉత్తరాన్ని బట్టి తెలిసింది. దయచేసి ఈ పూటతో ఆపండి. పుట్టినప్పుడు నలభై కిలోలకు దరిదాపుల్లో ఉన్న పిల్ల ఏడాది తిరిగేసరికి పెద్ద గుర్రం బరువులో సగానికి మించి ఉంటుంది. ఇప్పుడు ముద్దొచ్చే అదే పని అప్పుడు భుజం ఎముక విరిచే పని అవుతుంది, దానికి మాత్రం తాను మారినట్టు తెలియదు. ముందు ముందు పెళ్ళి ఊరేగింపులకు పంపాలన్న ఆలోచన నీకుంది. బ్యాండు మోతలో, టపాకాయల మధ్య, నాలుగు వైపుల నుంచీ చిన్నపిల్లలు చేతులు చాస్తుంటే తల నేరుగా పెట్టుకుని నిలబడవలసిన గుర్రం అది. పదేళ్ళలోపు పిల్లలెవరినీ పెద్దవాళ్ళు పక్కన లేకుండా లోపలికి పంపవద్దు, మీ వాడిని కూడా.

ఎప్పుడైనా చర్మం తెగేలా పళ్ళు పడితే, గాయాన్ని సబ్బు పెట్టి పారే నీళ్ళ కింద పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు ఆసుపత్రిలో చూపించి టెటనస్, రేబిస్ టీకాల గురించి అడగండి. గుర్రాలున్న చోట టెటనస్ సూక్ష్మజీవి మట్టిలోనే ఉంటుంది. గుర్రానికి కూడా ఈ రెండు టీకాలు ఎప్పుడెప్పుడు వెయ్యాలో మీ పశువైద్యుణ్ణి అడిగి కాగితం మీద రాయించుకో.

ఇన్నాళ్ళూ బుద్ధిగా ఉన్న పిల్ల ఒక్కసారిగా కొరకడం మొదలుపెడితే మర్యాద నేర్పే ముందు ఒళ్ళు చూపించు. తల్లికి పాలు తగ్గి ఆకలిగా ఉండవచ్చు, నులిపురుగుల వల్ల కడుపు నొప్పి ఉండవచ్చు, హాల్టర్ ఒరుసుకుని పుండు పడి ఉండవచ్చు. రెండున్నరేళ్ళ వయసులో పాలపళ్ళు ఊడి నడిమి పళ్ళు కొత్తవి వచ్చేటప్పుడు కూడా నోరు మళ్ళీ చికాకు పెడుతుంది. నొప్పితో కొరికే గుర్రానికి శిక్ష వెయ్యడం అన్యాయం.

విత్తులు తీయించడం గురించి ఇప్పుడే తేల్చుకోనవసరం లేదు. పెంపకానికి వాడే ఉద్దేశం లేకపోతే ఏడాది దాటాక, ఎండలూ ఈగలూ తక్కువగా ఉండే చలికాలంలో చేయించడం మేలు. దానివల్ల మగ గుర్రపు దుడుకు తగ్గుతుంది కానీ చిన్నప్పుడు పడిన చెడ్డ అలవాటు పోదు, అందుకని ఇప్పటి పనిని అప్పటికి వాయిదా వెయ్యకు. పాలు మాన్పించడం అయిదో నెల నిండాక చూద్దాం. ఒక్కసారిగా విడదీసి ఒంటరిగా గదిలో పెట్టవద్దు; ఆ ముసలి గుర్రం వచ్చి ఉంటే దాని తోడులో ఉంచి తల్లిని కొంచెం కొంచెం దూరం చెయ్యవచ్చు.

ఈ వారం మూడు పనులు చాలు: చేతితో తినిపించడం మాన్పించు, మూతి మీద చెయ్యి వెయ్యనివ్వకు, రెండు పూటలా అయిదు నిమిషాలు ‘వెనక్కి’ నేర్పు. హాల్టరూ కాళ్ళూ వచ్చే వారం. పదిహేను రోజుల తరువాత, దాణా పెట్టేటప్పుడు పిల్ల ఎంత దూరంలో ఆగుతోందో, సైస్ పెట్టినప్పుడు ఎలా ఉంటోందో, నువ్వు పెట్టినప్పుడు ఎలా ఉంటోందో విడివిడిగా రాయి. ఆ రెండింటి మధ్య తేడా ఉంటే సైస్‌తో నేనే ఫోనులో మాట్లాడతాను.

మీ అమ్మకూ నాన్నకూ మా ఇద్దరి తరఫున కుశలం అడిగానని చెప్పు. పిల్లలకు ముద్దులు.

ఇట్లు,
మీ పెదనాన్న